ఈదే రోబోలూ, బావ ఆపరేషనూ

అక్కా,

పేపర్లో మా ల్యాబ్ రోబోల గురించి చదివి, బావ మూత్రాశయంలో గడ్డకి వాటినే వాడమన్నావు. ఫోన్లో నీ గొంతులో ఆశ విని నిజం చెప్పలేకపోయాను. కంటికి కనిపించనంత చిన్నవి, మందు మోసుకుంటూ వాటంతటవే ఈదుతాయన్న మాట నిజమే. కానీ ఇప్పటిదాకా ఎలుకల్లోనే ఈదాయి. మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఎంత చాకిరీ చేసినా ఆ ఏళ్లు తరగడం లేదక్కా, అలిసిపోయాను.

నిన్న బావ ఒక్కడే మా ల్యాబ్‌కి వచ్చాడు. మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూసి, "భలే ఈదుతున్నాయే. నా వంతు వచ్చేదాకా నేనుంటానా, మరదలా?" అన్నాడు.

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "ఉండాలంటే ఆపరేషన్ చేయించుకో బావా" అన్నాను.

"నేనెప్పుడో సిద్ధం. మీ అక్కే వీటి మీద ప్రాణాలు పెట్టుకుంది. ఆ ఆశ నా చేత్తో ఎలా తుంచను?" అన్నాడు.

నీకోసం ఆయన ఆగాడు, నా రోబోల కోసం నువ్వు ఆగావు. గడ్డ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఆపరేషన్‌కి వెళ్దామని నువ్వే ఆయనతో అను. నేను సెలవు పెట్టేశాను. ఆసుపత్రిలో నీ పక్కనే కూర్చుంటాను.

నీ చెల్లి