కుంటి కుక్క ఇక్కడే ఉంటుంది

కిరీటీ,

పెద్దకర్మ నాడు నన్ను అడగకుండా మీ అమ్మ మంచం దానం ఇచ్చేశావు. ఆ చోట ఇప్పుడు కుక్క పడుకుంటుంది.

నేను ఉయ్యూరు వెళ్తున్నాను. నేను తిరిగి వచ్చేలోగా కుక్కల షెల్టరు వాళ్ళు దీన్ని తీసుకుపోవడానికి వ్యానుతో వస్తే తిప్పి పంపు. నువ్వే ఫోను చేసి రమ్మన్నావని తెలుసు. ఎవరైనా పెంచుకునేదాకా చూస్తానని వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఇన్నేళ్ళూ కుంటిదని దాని వంక ఎవరూ చూడలేదు.

గిన్నెలో పెరుగన్నం ఉంది. గేటు బయట వేయకుండా నా కంచంలోనే పెట్టు.

"ముసలిది, ఎన్నాళ్ళు బతుకుతుంది మావయ్యగారూ?" అంది నీ భార్య. నా సంగతీ అంతేనని చెప్పు.

నాన్న

ఉరిమితే వణుకుతుంది. దాని కింద పరిచింది మీ అమ్మ మంగళగిరి చీర, తీయొద్దు. దాన్ని ఇక్కడ ఉండనిస్తే, ఆ మంచం మాట గానీ, ఈ కుక్క మాట గానీ ఇక నా నోట రాదు.