గీత కింద చుక్కలు

జూలై 11, శుక్రవారం
బడి స్టాఫ్‌రూమ్ నుంచి

ప్రియమైన చెల్లికి,

నువ్వు కులాసాగా ఉన్నావనీ, కుట్టుమిషన్ మోటారు బాగైందనీ తలుస్తూ అక్క రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. మీ బావగారి మోకాలి నొప్పి తగ్గింది, గొణుగుడే తగ్గలేదు.

నీ కథ ప్రూఫు సోమవారం అందింది. అచ్చుతప్పులు చూసి శనివారంలోగా ప్రెస్సుకు ఇచ్చేయమన్నావు. అందులో దర్జీ ఆవిడ అనే ఒక్క వాక్యం మీద అనుమానంగా ఉంది, అక్క తీసేయమంటే తీసేస్తానని చీటీ కూడా పెట్టావు. "క్షమించడమంటే కుట్టు విప్పడం. దారం వచ్చేస్తుంది, సూది బెజ్జాలు ఉండిపోతాయి."

చదవగానే నాకు ఒళ్ళు మండింది. నీ దగ్గర దాపరికం దేనికి? ఇరవై రెండేళ్ళుగా అలంకారాలు చెబుతున్నదాన్ని నేను. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నిద్రలో లేపి అడిగినా నాలుగు వేళ్ళూ మడిచి చెబుతాను. చిన్నప్పుడు వ్యాసరచనలో "వాన ఏడుపు ఆపింది గానీ చూరుకు ఎక్కిళ్ళు ఆగలేదు" అని రాసి మొదటి బహుమతి కొట్టిన మనిషిని. ఆ పేరుతోనే ఇక్కడ నన్ను పోలికల టీచరంటారు. మరి బీరువాలో నేను రాసుకున్న నోటుపుస్తకాలు మూడున్నాయి. వాటి నిండా చంద్రబింబాలూ తామరపూలూ. ఒక్క ముక్కా అచ్చుకాలేదు. ఏడో తరగతితో చదువు మానేసి గౌన్లూ చొక్కాలూ కుట్టుకునే నువ్వు మొదటిసారి కథ రాస్తే, సంపాదకుడు ఆ కుట్టు వాక్యం కిందే గీత గీసి బాగుందని రాశాడు.

కడుపుమంట ఒక జాతీయం, అక్కడ నిజంగా మంటేమీ ఉండదు అని పిల్లలకు చెబుతుంటాను. సోమవారం నాకు నిజంగానే మండింది. రెండు గ్లాసుల చల్లటి నీళ్ళు తాగినా చల్లారలేదు.

ఎర్రపెన్ను తీసుకుని నీ వాక్యాన్ని కొట్టేశాను. పక్కన "క్షమ సముద్రం వంటిది" అని గుండ్రంగా రాశాను. నువ్వు అడిగితే చెప్పడానికి కారణం కూడా సిద్ధం చేసుకున్నాను. వలె లేదు, వంటిది లేదు, కాబట్టి ఇది ఉపమ కాదు. క్షమ లాంటి పెద్ద మాట పక్కన సూదీ దారం తెచ్చిపెడితే ఔచిత్యం ఉండదు. నువ్వు సరేనక్కా అనేదానివని నాకు తెలుసు.

నా మాటే గెలుస్తుందని రుజువు చేసుకోవాలనిపించింది. నిన్న తొమ్మిదో తరగతిలో రెండు వాక్యాలూ బోర్డు మీద రాసి, ఎవరివో చెప్పకుండా, ఏది మంచి పోలికో చెప్పమన్నాను. సముద్రం లోతైనది, విశాలమైనది అని గైడులో ఉన్నట్టే గడగడా అప్పజెప్పారు. తర్వాత నీ వాక్యం చదివారు. కిటికీ పక్కన కూర్చునే పిల్ల వంగి తన స్కర్టు అంచు పట్టుకుని చూసుకుంది. పొడవు చాలక ఆ మడత ఈమధ్యే విప్పించినట్టున్నారు. పాత కుట్టు ఉన్నచోట బెజ్జాల వరుస అలాగే ఉంది. ఆ పిల్లను చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు తమ అంచులు చూసుకున్నారు.

ఆ పిల్ల లేచి అడిగింది. "టీచర్, అంటే క్షమించినవాళ్ళకి అంతా గుర్తుంటుందా?"

ఇన్నేళ్ళలో నా సముద్రాల గురించి ఎవరూ ఒక్క ప్రశ్నా వేయలేదు. ఇది రూపకాలంకారం, రాసుకోండి అని చెప్పి గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను.

నీ మీద కుళ్ళు ఇంకా పోలేదు చెల్లీ. ఆ వాక్యం నాదైతే ఎంత బాగుండునని ఈ ఉత్తరం రాస్తూ కూడా అనుకుంటున్నాను. కానీ కొట్టేసిన మాటను మళ్ళీ ఉంచాలంటే ప్రూఫులో ఒక పద్ధతి ఉంది. దాని కింద వరుసగా చుక్కలు పెట్టి, పక్కన "ఉంచాలి" అని రాయాలి. ఈ పొద్దున పెట్టాను. నా సముద్రాన్ని కొట్టేశాను. బడి వదలగానే నేనే వెళ్ళి ప్రెస్సులో ఇచ్చివస్తాను. అచ్చుతప్పులు మూడే ఉన్నాయి, దిద్దాను.

మిషన్ ముందు మరీ వంగి కూర్చోకు. నడుము జాగ్రత్త.

కుళ్ళుబోతుదైనా నీదే అయిన
అక్క

తా.క.: వాన గురించి ఆ మాట నాది కాదు. నీకు ఆరేళ్ళప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని చూరుకేసి చూస్తూ నువ్వన్నది. నేను వ్యాసంలో రాసేసుకున్నాను. బహుమతి ఇచ్చిన రోజు నువ్వు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టావు. చిన్నపిల్లవు, మరిచిపోయి ఉంటావని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నీ కథలో ఆ దర్జీ ఎవరిని క్షమించిందో చివరిదాకా నువ్వు చెప్పలేదు. వచ్చే సోమవారం ఆ వాన వాక్యం బోర్డు మీద రాసి, కింద నీ పేరు పెడతాను. కిటికీ పక్క పిల్లకు జవాబు కూడా అప్పుడే చెబుతాను.