నోట్లో లడ్డూ

ఆదివారం, రాత్రి

చెప్పేది నేను, రాసేది మనవరాలు స్వప్న. సొంతంగా ఏమీ కలపొద్దని ముందే చెప్పాను.

స్వప్న తల్లి పెళ్లిలో అప్పగింతల పాట పాడింది తనేనని మా యారాలు, అంటే తోడికోడలు, సత్తెమ్మ ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతోంది. పాడింది నేను. అందుకే ఇవాళ ఆమెను సైదాబాద్ నుంచి పిలిపించాను. స్వప్న పాత ల్యాప్‌టాప్‌ను వైరుతో టీవీకి కలిపి పెళ్లి వీడియో పెట్టింది. బొమ్మ వచ్చింది, గొంతు రాలేదు.

"ఈ వైరుల బొమ్మనే వస్తది అమ్మమ్మా. సౌండ్‌కు ఇంకోటి కావాలె. ల్యాప్‌టాప్ స్పీకర్ ఎప్పుడో పోయింది," అంది.

సత్తెమ్మ నవ్వింది. "సూసినవా అక్కా, టీవీ గూడ నా దిక్కే."

"నోరు మూసుకొని సూడు," అన్నాను.

అప్పగింతలు వచ్చాయి. బిడ్డ చెయ్యి పట్టుకొని నేను పాడుతున్నాను. పక్కనే సత్తెమ్మ, రెండు బుగ్గల నిండా లడ్డూ.

"ఏందే, లడ్డూ నములుకుంట పాడినవా?"

ఆమెకే నవ్వాగలేదు. "లడ్డూ మస్తుగుండె అక్కా. సరే, గిప్పుడు పాడు, వింట."

టీవీలో నా పెదవులు చూస్తూ పాడాను. రెండో చరణంలో గొంతు బొంగురుపోయింది. స్వప్న పెళ్లి దాకా ఈ గొంతు ఉంటుందో లేదో...

ఆ చరణం అందుకుని పూర్తి చేసింది సత్తెమ్మే. అదొక్కటి రాయకు స్వప్నా.