మునగాకు అడుగున గుడ్లు

బోధన్,
ఆగస్టు 3

నా మంచి బాపూ,

నీకు చెవులు సరిగ్గా వినపడితే ఫోన్లోనే చెప్పేదాన్ని. కానీ ఇది అరిచి చెప్పే సంగతి కాదు. మా వాడలో ఇప్పుడు ప్రతి కిటికీ వెనక ఎవరో ఒకరు వింటూనే ఉన్నారు.

రేపు మీ అల్లుడు ప్రేమ్ బస్సు డ్యూటీ మీద నిజామాబాద్ వస్తున్నాడు. ఉత్తరంతో పాటు ఒక మాత్రల డబ్బా ఇస్తాడు. ఒట్టి చేత్తో ముట్టుకోకు. అందులో మునగ రెమ్మ ఉంది. ఆకు అడుగున గసగసాలంత పచ్చని గుడ్లు గుంపుగా అంటుకొని ఉన్నాయి. డబ్బా అడుగున రెండు పురుగులు, ఒళ్లంతా బూడిదరంగు వెంట్రుకలు. గుడ్లు మా పెరటి చెట్టు మీద కనపడ్డాయి, పురుగులు నీళ్ల డ్రమ్ము మూత మీద దొరికాయి. ముప్పై ఏళ్లు చెరకు తోటల్లో పీక పురుగును వెతికిన ఫీల్డ్‌మ్యాన్‌వి నువ్వు. ఇవేమిటో తొందరగా చెప్పు.

పదిహేను రోజులుగా ఇక్కడి పిల్లలకు దద్దుర్లు లేస్తున్నాయి. మెడలు, చేతులు, కనురెప్పలు ఉబ్బుతున్నాయి. నర్సును కాబట్టి అందరూ నా దగ్గరికే వస్తున్నారు. ఒకరికి తగ్గేలోపు ఇంకొకరికి మొదలవుతోంది. ఎదురింటి భోజన్న మనవరాలికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నీ మనవరాలు రూతుకూ వచ్చింది, ఇప్పుడు తగ్గింది.

జనం దీన్ని రోగమనుకోవడం లేదు. బాణామతి అంటున్నారు. చేసింది మా పక్కింటి సత్తవ్వ అంటున్నారు. పోయిన క్రిస్మస్‌కు నీకు వేడివేడి జొన్నరొట్టెలు చేసి పెట్టిన ముసలామె, గుర్తుందా? "కట్టెకు గుడ్డ సుట్టి, మంట వట్టుకొని తెల్లారగట్ల ఇండ్ల ఎనక తిరుగుతున్నది. నా కండ్లార సూసిన సిస్టరమ్మా!" అని పుష్పలత చెప్పింది. పుష్పలతది మా వెనక ఇల్లు. చూస్తే నిజంగానే నాలుగు పెరళ్లలో మునగ మానుల మీద కాలిన మచ్చలున్నాయి. ఎందుకు కాల్చావని సత్తవ్వను ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆమె వీధిలోకి వస్తే తలుపులు పడుతున్నాయి.

నిన్న భోజన్న పది మందిని పోగేశాడు. "ఆదివారం దాటనియ్య. దాని పండ్లు పీకితె గని మంత్రం ఇరగదు" అన్నాడు. ఎవరూ వద్దనలేదు.

నీకొక సంగతి చెప్పాలి బాపూ. ఆ మాట పుట్టింది నా నోట్లోనే. మొదట్లో ఒక రోజు సత్తవ్వ రూతును ఎత్తుకొని ముద్దాడి దించింది. గంట తిరక్కుండానే బిడ్డ మెడంతా ఉబ్బి గుక్కపట్టి ఏడ్చింది. పుష్పలత ఇంట్లోనే ఉంది. "గా ముసల్ది ముట్టుకున్నంకనే గిట్లయింది. ఏం జేసిందో ఏమో" అన్నాను. మర్నాటికి ఆ మాట వాడంతా తిరిగింది. 'నర్సమ్మే అన్నదట' అని ఇప్పుడు నన్నే సాక్ష్యంగా చెబుతున్నారు. కాదనడానికి నాకు నోరు రావడం లేదు.

నీ బిడ్డ,
రెబెకా

నిజామాబాద్,
ఆగస్టు 5

రెబెకా తల్లీ,

డబ్బా తెరవగానే గుర్తుపట్టాను. మునగ చెట్లకు పట్టే గొంగళి పురుగు ఇది. గుడ్ల లోపల నల్ల చుక్కలు కనపడుతున్నాయి, అంటే నేడో రేపో పొదుగుతాయి. పురుగులు రాత్రంతా ఆకు తిని, తెల్లవారేసరికి మాను మీదికి దిగి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. దూరం నుంచి చూస్తే చినిగిన గోనెపట్టా అంటించినట్టు ఉంటుంది. వాటి వెంట్రుకలు గాలికి రాలి, ఆరేసిన బట్టలకు అంటుకుంటాయి. అవి ఒంటికి తగిలితే దద్దుర్లే.

వాటిని పాతకాలపు వాళ్లు ఎలా చంపేవారో విను. తెల్లవారుజామున కట్టెకు గుడ్డ చుట్టి, మాను మీది గుంపును మంటతో కాల్చేవారు. సత్తవ్వ చేసింది అదే. మీ పిల్లల కోసమే చేసింది. ఆమె కొంగుకు అంటిన వెంట్రుకలే రూతుకు తగిలి ఉంటాయి.

పురుగు పేరు నేను చెప్పాను. మిగిలింది చెప్పాల్సింది నువ్వు. ఆదివారం దాకా ఆగకు.

బాపు,
సత్యానందం

బోధన్,
ఆగస్టు 11

బాపూ,

నువ్వు ఆగకు అన్నావు. నేను ఆగాను.

నీ ఉత్తరం గురువారమే చేరింది. శుక్రవారం భోజన్న గడప దాకా పోయి, మనవరాలికి లేపనం ఇచ్చి తిరిగి వచ్చాను. శనివారం హెల్త్ సెంటర్లో పని ఎక్కువని నాకు నేనే చెప్పుకున్నాను. 'నర్సమ్మ అబద్ధమాడింది' అంటే రేపటి నుంచి నా చేతి మాత్ర ఎవరు మింగుతారని భయం. ఆదివారం చర్చిలో ఉండగా ప్రేమ్ ఫోన్ చేశాడు. "జల్ది రా. గుంజుకచ్చిండ్రు. నేను పోలీసులను తోలుకొస్త" అన్నాడు.

నేను పరుగెత్తి చేరేసరికి సత్తవ్వ భోజన్న వాకిట్లో కూలబడి ఉంది. ఇద్దరు ఆమె చేతులు పట్టుకున్నారు. భోజన్న చేతిలో పట్టకారు ఉంది. అప్పటికే ఒక పన్ను పోయింది బాపూ. గడ్డం మీంచి నెత్తురు రవికె మీదికి కారుతోంది. ఆమె అరవడం లేదు. జనం కూడా అరవడం లేదు. అది చూసే నాకు ఎక్కువ భయమేసింది.

"అది పురుగన్నా! బాణామతి గాదు!" అని అరిచాను. "నువ్వే గద సిస్టరమ్మ అన్నది!" అంది పుష్పలత.

భోజన్న పెరట్లోనూ మునగ చెట్టు ఉంది. సత్తవ్వను ఆ గుమ్మం తొక్కనివ్వలేదు కాబట్టి దాని మాను కాలలేదు. నువ్వు రాసినట్టే గోనెపట్టాలా పురుగులు కదులుతున్నాయి. నేను చీర కుచ్చిళ్లు ఎగదోపి, మోచేతి దాకా చేయి ఆ గుంపుకు ఆనించి, తిరిగి వాకిట్లోకి వచ్చి అందరి ముందూ చాపాను. చూస్తుండగానే చేయి ఎర్రబడి దద్దుర్లు లేచాయి. అవే దద్దుర్లు. భోజన్న మనవరాలు నా చేతిని చూసి, తన మెడ తడుముకుంది.

"ఏం జేసిందో ఏమో అని నోరు జారిన. నేనన్నది తప్పు. మీ ఇండ్ల ఎనక గా పురుగులనే కాలవెట్టింది గీ అవ్వ" అన్నాను. భోజన్న చేతిలోని పట్టకారు కింద పడింది. తీసుకోవడానికి ఎవరూ వంగలేదు. పోలీసులు వచ్చి అతన్నీ, ఆ ఇద్దరినీ తీసుకుపోయారు. నా వాంగ్మూలంలో నేనన్న మాట కూడా రాయించాను.

నిన్న వాడంతా కలిసి మానులు కాల్చారు, గుడ్లున్న రెమ్మలు విరిచి మంటలో వేశారు. ఇవాళ కొత్తగా ఎవరికీ దద్దుర్లు లేవలేదు.

సాయంత్రం రూతును వెంటబెట్టుకొని సత్తవ్వ దగ్గరికి పోయాను. చిగుళ్లకు దూది పెట్టి, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమె దూదిని నాలుకతో సర్దుకుంది. తరువాత, "సూదేసేటప్పుడు నొప్పయితది అవ్వా అని జెప్పి ఏస్తవు. గీ మాట మాత్రం నాకు జెప్పకుంటనే ఏసినవు బిడ్డా" అంది. కోపంగా కూడా అనలేదు.

తరువాత రూతు వైపు చేతులు చాపి, "రా తల్లీ" అని పిలిచింది. రూతు నా వీపు వెనక్కి పోయి, చీర కొంగు గట్టిగా పట్టుకుంది. నేను ముందుకు నెట్టాను. అది ఇంకా గట్టిగా పట్టుకుంది. "ముట్టుకుంటె ఏమన్న జేస్తది" అని గొణిగింది.

సత్తవ్వ చేతులు మెల్లగా దించుకుంది. నేను ఆ మాట అన్న రోజు, బాపూ, రూతు నా ఒళ్లోనే ఉంది.

నీ
రెబెకా