మూల ఇంటికి రెండో నోరు

జూన్ 1, ఆదివారం

మీటింగ్. మోటార్లు బాగుచేసే షాపు మీద మా సొసైటీ గది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి, వేయకపోతే మనుషులు ఉడికిపోతారు. మాస్టారు కాగితాల పక్షం. మేం ఉడికాం.

మ్యాప్ దాదాపు అయిపోయినట్టే. గూడ్స్ యార్డు కోసం కూల్చేసిన పేటది ఆ మ్యాప్. అక్కడ బతికినవాళ్ళు గుర్తు చేసుకుని చెబుతుంటే ఒక్కో ఇల్లూ గీసుకుంటూ వచ్చాం. దాన్ని టైల్స్ మీద కాల్చి కొత్త లైబ్రరీ గోడకి అతికిస్తారట. కాల్చాక ఇక దిద్దడం ఉండదు. సెప్టెంబరులో ఓపెనింగ్ కాబట్టి జూలై నెలాఖరుకల్లా అన్నీ తేల్చెయ్యాలని మాస్టారి హుకుం.

సొసైటీకి నియమాలు రెండే, రెండూ ఆయన పెట్టినవే. రిటైరైనా ఆయనకి లెక్కల పీరియడ్ ఇంకా అవలేదు. మొదటిది, ఏ ఇల్లైనా మ్యాప్ ఎక్కాలంటే రెండు నోళ్ళు చెప్పాలి, ఆ రెండూ వేరు వేరు కుటుంబాలవి కావాలి. రెండోది, ఇంటి మీద రాసే పేరు ఇంట్లోవాళ్ళు చెప్పుకునేది కాదు, పొరుగువాళ్ళు పిలిచింది. సొంత డప్పు ఎవరైనా కొట్టుకుంటారని ఆయన వాదన. అందుకే మా మ్యాప్‌లో 'మేకల ఇల్లు' ఉంది, 'అలిగినావిడ ఇల్లు' ఉంది, 'ఇద్దరు పెళ్ళాల ఇల్లు' ఉంది. ఆ ఇద్దరు పెళ్ళాలాయన మనవడు సూటు వేసుకొచ్చి మరీ మొత్తుకున్నాడు. అయినా మార్చలేదు.

ఈరోజు మేకల ఇంటి గుమ్మం ఎటువైపని సోడా తాతకీ కుట్టత్తకీ యుద్ధం. తాత ఒకప్పుడు ఆ పేటలో సోడాలు కొట్టేవాడు, అత్త ఇప్పటికీ బట్టలు కుడుతుంది. పేట పోయి నలభై ఏళ్ళు దాటినా గుమ్మం మీద పౌరుషం మాత్రం పోలేదు. నేను పేర్లు రాస్తాను. కళ్ళజోళ్ళ షాపులో పని కాబట్టి చిన్న అక్షరాలు నావే అని వాళ్ళ లెక్క.

మా నాన్నావాళ్ళూ ఆ పేటవాళ్ళే. నేను పుట్టేలోపే వచ్చేశారు. మన ఇల్లెక్కడని అడిగితే అక్క ఎప్పుడూ 'ఎక్కడో మధ్యలో' అంటుంది. సొసైటీలో అడిగితే అందరూ గుర్తు లేదంటారు. ఎవరిదో గాడిద తోక పొడవుతో సహా గుర్తున్నవాళ్ళకి మా నాన్న గుర్తు లేడు.

జూన్ 3, మంగళవారం, సాయంత్రం

ప్రూఫ్ షీట్ ఇంటికి తెచ్చాను, తప్పులు చూడటానికి. టేబుల్ మీద పరిచి టీ పెట్టుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అక్క మడతపెడుతున్న బట్టలు వదిలేసి దాని ముందు నిలబడి ఉంది.

సందు మొదట్లో, మూల మీద 'సైకిల్ షాపు' అని ఉన్నచోట చూస్తోంది. ఇది మన ఇల్లు అంది.

నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ గదిలో ఉడుకుతున్నాను. అన్నాళ్ళూ నోరు మెదపని మనిషి, కాగితం టైలయ్యే ముందు చెబుతుందా? అరిచాను. అరిస్తే అక్క దగ్గర పనులు జరగవని తెలిసీ అరిచాను. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నా అరుపులన్నీ చూసేసింది.

అంతా విని ఒక్క మాట అడిగింది, అక్కడ సైకిళ్ళెందుకున్నాయని.

జూన్ 8, ఆదివారం

మీటింగ్‌లో చెప్పాను. అంతా తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. సోడా తాత నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటిది ఆయన కూడా కిటికీలోంచి బయటికి చూశాడు.

మాస్టారు ముందుగా గొంతు సవరించుకున్నారు. మీ అక్కది ఒక నోరు, రెండో నోరు కావాలి కదమ్మా అన్నారు. ఎవరైనా చెబుతారా అని అడిగారు. ఒకరి తర్వాత ఒకరు అక్కడ సైకిల్ షాపే ఉండేదన్నారు. కుట్టత్త కూడా అంది, చేతిలో లేని బట్టకి దారం తెంపుతున్నట్టు వేళ్ళు ఆడిస్తూ.

జూన్ 9

అక్క అడిగింది, ఒప్పుకున్నారా అని. లేదన్నాను. పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

జూన్ 22, ఆదివారం

నాకిప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ తట్టకపోవడానికి నా బుర్ర ఏ తాకట్టులో ఉందో.

మ్యాప్‌లో ప్రతి ఇంటికీ ఒక గొడవ ఉంది. గుమ్మం గొడవ, కిటికీ గొడవ, పక్కింటి గోడ ఎవరిదన్న గొడవ. సైకిల్ షాపుకి లేదు. దాని తలుపు ఎటని ఎవరూ కొట్టుకోలేదు. పంచరు వేసేవాడు పొట్టా పొడుగా అని ఎవరూ పందెం కాయలేదు. పేట మొత్తం మీద అందరూ ఒక్క మాట మీద నిలబడిన ఇల్లు అదొక్కటే. ఈ మనుషులు ఒక్క మాట మీద నిలబడ్డారంటే ముందే అనుకుని ఉండాలి.

మీటింగయ్యాక స్కేలు బాబాయిని మెట్ల మీద పట్టుకున్నాను. మ్యాప్ గీసేది ఆయనే. ఖాళీ మూల అందంగా లేదని నువ్వే కల్పించావా అని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. కల్పించడం తన ఇంటా వంటా లేదన్నాడు. చెప్పింది గీశానన్నాడు. ఎవరు చెప్పారంటే, నన్ను చంపకమ్మా, వెళ్ళి కుట్టత్తని అడుగు అన్నాడు.

జూన్ 28, శనివారం

కుట్టత్త షాపుకి వెళ్ళాను. నన్ను చూడగానే మిషను ఆపింది. ఎందుకొచ్చానో అడగలేదు. స్టూలు మీది గుడ్డముక్కలు తీసి కూర్చోమంది.

ఆ మూలన సైకిల్ షాపు ఎప్పుడూ లేదట. ఉన్నది మా ఇల్లేనట.

ఆ రోజుల్లో పేటంతా ఒకమాట అనుకున్నారు. ఎవరూ ఇల్లు ఖాళీ చెయ్యకూడదు, యార్డువాళ్ళకి తాళం ఇవ్వకూడదు. ఎందుకంటే సందు ఇరుకు. మూల ఇల్లు పడితే తప్ప కూల్చే యంత్రం లోపలికి తిరగలేదు. మూల ఇల్లు గట్టిగా ఉంటే పేట ఉన్నట్టే. అంతా మా నాన్న మీదే ధైర్యం పెట్టుకున్నారు. ఒకరోజు పొద్దున్న లేచేసరికి మావాళ్ళు లేరు. నాన్న తాళం ఇచ్చేశాడు. మధ్యాహ్నానికి ఇల్లు నేలమట్టం. ఆ సాయంత్రమే యంత్రం సందులోకి తిరిగింది.

కుట్టత్తా వాళ్ళది రెండో ఇల్లు. ఆ వానాకాలమంతా రోడ్డు పక్కన పట్టా కింద ఉన్నారు. తమ్ముడికి జ్వరం వచ్చి పోయాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. నేనే ఏం చెయ్యాలో తెలియక కత్తెర తీసి మళ్ళీ పెట్టాను.

నేను సొసైటీలో చేరిన వారానికి వీళ్ళంతా కలిసి అనుకున్నారట. పొరుగువాళ్ళు పిలిచిన పేరే రాయాలని నియమం. మా ఇంటిని పేటంతా ఏమని పిలిచిందో అందరికీ తెలుసు. అది గోడకెక్కితే నేను తలెత్తుకోలేనని, అక్కడ ఇంకేదైనా పెడదామని కుట్టత్తే అందట. సైకిల్ షాపు సోడా తాత ఐడియా.

"పుట్టనిదానివి, నీకేం సంబంధం" అంది కుట్టత్త. "నువ్వు ప్రతి ఆదివారం వచ్చి ముత్యాల్లా రాస్తుంటే, నీ చేత్తోనే ఆ పేరు ఎలా రాయిస్తాం?"

ఏమని పిలిచేవారో అడిగాను. చెప్పింది. తాళం ఇచ్చినోళ్ళ ఇల్లు.

జూలై 2

అక్కకి చెప్పలేదు.

జూలై 9, బుధవారం

షాపు నుంచి నేరుగా ఇంటికి రాకుండా గూడ్స్ యార్డు కంచె దగ్గరికి వెళ్ళాను. చూడ్డానికేమీ లేదు. కంకర, పట్టాలు, తుప్పు. గేటు దగ్గర ఒక లారీ తిరగలేక అవస్థ పడుతోంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. క్లీనరు కిందికి దిగి అరుస్తున్నాడు. చివరికి గేటు గోడ గీరుకుంటూ తిరిగింది. నేను కంచె వదిలి ఇంటి దారి పట్టాను.

నాన్న మీద కోపం వస్తోంది. ఆయన ఫోటో చూసినా వస్తోంది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు, రోడ్డు మీద తెలిసినవాళ్ళు కనిపిస్తే సందులోకి తిరిగేవాడు. మొహమాటం అనుకునేదాన్ని.

నిజం రాయాలంటే, నాకిప్పుడు సైకిల్ షాపే బాగుందనిపిస్తోంది. అక్కకి రెండో నోరు దొరకలేదని చెప్పేస్తే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. అక్క కొన్నాళ్ళు బాధపడుతుంది, ఊరుకుంటుంది. గోడ మీద మా పేరు ఉండదు, మా మచ్చా ఉండదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

జూలై 12, శనివారం

చెప్పాను. కూరగాయలు తరుగుతూ ఉండగా చెప్పాను, మొహం చూడక్కర్లేకుండా.

అక్కకి అంతా తెలుసు. ఏమని పిలిచేవారో కూడా తెలుసు. వెళ్ళిపోయాక ఒకసారి బజార్లో పాత స్నేహితురాలు కనబడితే పరిగెత్తుకెళ్ళిందట. ఆ పిల్ల ఆ పేరుతోనే పిలిచి మొహం తిప్పుకుందట. అప్పటికి అక్కకి పన్నెండు.

మరి తెలిసీ ఎందుకు ఆ గోడకెక్కాలని పట్టు అని అడిగాను. అక్క కత్తిపీట పక్కకి పెట్టింది. మామూలుగా నెమ్మదిగా మాట్లాడుతుంది, ఇప్పుడు ఇంకా నెమ్మదిగా మాట్లాడింది. నాకూ అక్కకీ మధ్యలో ఇద్దరు పుట్టారట. ఆ ఇంట్లో కింద నుంచి ఎప్పుడూ చెమ్మ. ఇద్దరూ ఏడాది నిండకుండానే దగ్గుతో పోయారు. మళ్ళీ అమ్మకి నెల తప్పింది. ఎత్తు మీద కొత్త క్వార్టర్స్, పొడి గదులు, ముందు తాళం ఇచ్చినవాళ్ళకి ముందు అన్నారు. అమ్మ ఒక రాత్రి నాన్న కాళ్ళు పట్టుకుంది. అక్క దుప్పట్లోంచి చూసింది.

"నువ్వు కడుపులో ఉన్నావు" అంది అక్క. "నాన్న తాళం ఇచ్చింది నీకోసం. తప్పో ఒప్పో నాకు తెలీదు, ఇన్నేళ్ళయినా తెలీదు. తిట్టుకుంటే మనల్నే తిట్టుకోవాలిగానీ, మన చోట ఎవరివో సైకిళ్ళు పెడితే ఎట్లా? ఆ ఇద్దరు పిల్లలు కూడా సైకిల్ షాపులోనే పోయారా?"

తరిగినవి పొయ్యి మీద వేసి అక్కడే నిలబడ్డాను. కూర మాడింది. అదే తిన్నాం.

జూలై 20, ఆదివారం

మీటింగ్‌లో అడిగాను. దాపరికం లేకుండా అడిగాను. నాకు విషయం తెలుసు, మా అక్కకి తెలుసు, పేరు ఏదైతే అదే రాద్దాం, ఎవరైనా రెండో నోరు ఇవ్వండి అన్నాను.

ఎవరూ ఇవ్వలేదు. సోడా తాత కళ్ళు తుడుచుకుని, పాత పుండు గోకడమెందుకమ్మా అన్నాడు. ఆయన మంచితనం నా ప్రాణానికొచ్చింది. మాస్టారు నియమం నియమమే అన్నారు, కానీ ఆ మాట ఎవరితో అంటున్నారో ఆయనకే తెలియలేదు. కుట్టత్త రాలేదు. వచ్చే ఆదివారమే ఆఖరి రోజు.

జూలై 27, ఆదివారం

పొద్దున్న చూస్తే అక్క చీర మార్చుకుని తయారుగా కూర్చుంది. నేనూ వస్తానంది. ఇన్నేళ్ళలో ఆ పేటవాళ్ళ ముఖం చూడని మనిషి. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కింది, చెయ్యి ఇస్తే వద్దంది.

లోపలికి వెళ్ళేసరికి కుట్టత్త ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ కుర్చీ చూపించలేదు. ఇవ్వకూడదని కాదు, ఎవరికీ తోచలేదు. నేనే ఇచ్చాను.

అక్క ఎవర్నీ బతిమాలలేదు. ఆ మూల మాది, అక్కడ మేమే ఉన్నాం, మా వల్ల మీకు జరిగింది నాకు తెలుసు అని చెప్పి ఊరుకుంది. కిందనుంచి మోటారు రుబ్బుతున్న చప్పుడు. మాస్టారు కలం మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

కుట్టత్త లేచి నిలబడింది. మాస్టారి వైపు చూసింది, అక్క వైపు కాదు.

"తాళం ఇచ్చినోళ్ళ ఇల్లు. మేం అట్లాగే అనేవాళ్ళం. రాసుకోండి, రెండో నోరు నాది."

మాస్టారు నా వైపు చూశారు. రాయడం నా పని కదా. సైకిల్ షాపు మీద తెల్ల ఇంకు పూసి, ఆరిందాకా ఊదాను. తర్వాత రాశాను. మిగతావాటికంటే బాగానే రాశాను.

కుట్టత్త అప్పుడే వెళ్ళిపోయింది. అక్క వెనకే మెట్ల దాకా వెళ్ళి, మీ తమ్ముడిని నేను ఎత్తుకుని తిప్పేదాన్ని అంది. కుట్టత్త ఆగింది గానీ తిరిగి చూడలేదు. తెలుసు అని చెప్పి దిగిపోయింది. నేను ఇద్దరూ ఏడుస్తారనీ, వాటేసుకుంటారనీ ఏదో ఆశ పడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. ఇంటికొచ్చేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని నడిచింది.

ఆగస్టు 19

టైల్స్ కాల్చేశారు. కుట్టత్త సొసైటీకి రావడం మానేసింది.

సెప్టెంబరు 7, ఆదివారం

ఓపెనింగ్. జనం బాగా వచ్చారు. ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కుంటూ గోడ మీద పడ్డారు. మూల టైల్ ముందు ఎవరో ఒకావిడ ఆగి, పేరు పైకి చదివి, ఎవరా పుణ్యాత్ములు అని నవ్వింది. అక్క మేమే అంది.

నేను కూడా మేమే అన్నాను. అప్పటికి నేను పుట్టనే లేదు.