అమాస నాటి తారీఖు

గురువారం, అమావాస్య.

గంగారం వైపు చిన్న దవాఖానలో కొత్త కంప్యూటర్ పెట్టారు. అది ల్యాబ్ సర్వర్‌కు కనెక్ట్ కానంటోందని బాగుచేయడానికి నేను వెళ్లాను. సర్వర్ తన గుర్తింపు కార్డులా చూపే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదట. నిన్ననే కొత్తది పెట్టాం కదా! పొద్దంతా సర్వర్‌నే తిట్టుకున్నాను. చివరికి చూస్తే కంప్యూటర్‌లో తారీఖు మూడు రోజులు వెనక ఉంది; దాని లెక్కన నిన్నటి రోజు ఇంకా రానే లేదు.

"నేనే జరిపిన తమ్మీ," అంది ఆపరేటర్ సుజాతక్క. "మా బిడ్డ రక్తం రిపోర్టు వస్తదని. కొత్త మిషన్ల అమాస నాడు సూడబుద్ధి కాలే."

నవ్వబోయి ఆగిపోయాను. తారీఖు సరిచేయగానే కనెక్ట్ అయింది, రిపోర్టూ వచ్చింది. అక్క తెరవలేదు.

"రేపు సూస్త తియ్యి."

రేపు పాడ్యమి. అదీ మంచిరోజు కాదంటుంది మా అమ్మ. ఆ మాట అక్కతో అనలేదు...