పన్నెండో పడక పాప తల విషయమై

పిల్లల ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
క్యాన్సరు వార్డు పన్నెండో పడక పాప తండ్రి, వృత్తి క్షౌరం, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఈ నెల 18వ తేదీన మా పాపను అద్దాల గదికి మార్చుటకు ముందు నన్ను వార్డులోకి అనుమతించుట గురించియు, ట్రాలీ తోయు ఉద్యోగి మా పాప విషయంలో హద్దు మీరుట గురించియు.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఇరవై రెండేళ్లుగా క్షౌరశాల నడుపుకొనుచున్నాను. నాకు ఒక్కతే కూతురు. వయసు ఆరేళ్లు. షాపులో తిరుగుడు కుర్చీ ఎక్కి గిరగిరా తిరుగుతుంది గనుక బొంగరం అని పిలుచుకుంటాము. ఐదు నెలల క్రితం ఆమెకు రక్త క్యాన్సరు అని తమ డాక్టర్లు తేల్చినారు. నాటి నుండి ఆమె తల్లి వార్డు లోపల, నేను గేటు బయట ఉంటున్నాము. 18న పాపను బయటి గాలి సోకకుండా అద్దాల గదిలోకి తీసుకుని ఆరు వారాలు ఉంచుతారట. తోడు ఒక్కరినే రానిస్తారట. ఆ ఒక్కరు ఎవరో తమరు ఊహించగలరు. నా భార్య రిజిస్టరులో ఇప్పటికే తన పేరు వ్రాయించుకుని ఉన్నది. నన్ను మాటమాత్రమైనా అడగలేదు.

నా ఫిర్యాదులు ఈ దిగువ విన్నవించుకొనుచున్నాను.

1. పాసు. పడక ఒక్కంటికి ఒక్కటే పాసు. దాని మీద తల్లి ఫొటో ఉన్నది. మొదట్లో సాయంత్రం పూట నన్ను ఒక గంట రానిచ్చేవారు. తరువాత పెద్ద డాక్టరమ్మ గారు పిలిచి, "మీరు రోజుకు ముప్పై మంది తలలు ముట్టుకుంటారు. ఎవరికి జలుబుందో, ఎవరికి దగ్గుందో మీకేం తెలుసు? చిన్న జలుబు తగిలినా పాప తట్టుకోలేదు" అని సెలవిచ్చి ఆ గంట కూడా రద్దు చేసినారు. నేను ఎదురు చెప్పలేదు. ఆనాటి నుండి దగ్గేవాళ్లను షాపు మెట్టు ఎక్కనీయుట లేదు. దువ్వెనలు మరిగించుచున్నాను. రెండు పూటలా తలస్నానం చేయుచున్నాను. అయినను ఆ గంట తిరిగి రాలేదు. మరి ట్రాలీ తోయు ఉద్యోగి రోజుకు ఎన్ని వార్డులు తిరుగుతాడు, ఎంతమందిని ఎత్తి దించుతాడు? ఆయనవేమో చేతులు, నావి చీపుర్లా?

2. సదరు ఉద్యోగి. ఇతనిని మా పాప ట్రాలీ మామ అంటుంది. మామ అట! మా ఆవిడకు అన్నదమ్ములు లేరు. ఏ వరసన మామ అయ్యాడో నాకు అంతుపట్టలేదు. పాపను స్కానింగుకు తీసుకువెళ్లేటప్పుడు ట్రాలీని బస్సు చేసి, "టికెట్ టికెట్, టికెట్ లేనివాళ్లు దిగిపోవాలి" అని వరండా పొడుగునా అరుస్తాడట. పాప పగలబడి నవ్వుతుందట. ఇదంతా గేటు దగ్గర నా భార్య చెప్పగా విన్నదే. నా కళ్లతో చూసింది ఏమీ లేదు. నేను వీడియో ఫోను చేస్తే పాప ఫోనును పైకప్పు వైపు తిప్పేస్తుంది. నెల రోజులుగా నేను చూస్తున్నది పన్నెండో పడక మీది ఫ్యానును. దానికి మూడు రెక్కలు, ఒక రెక్క మీద తెల్లటి మరక. ఆ ఫ్యానును చూస్తూ ఉంటే పక్కనుంచి అతని మాటలు, దాని నవ్వు వినబడును. ఒకసారి మందు పడక పాప అతని చొక్కా మీదే వాంతి చేసుకున్నదట. అతను "పోనీలే తల్లీ, పాత చొక్కానే" అన్నాడట. నా భార్య ఈ సంగతి మెచ్చుకుంటూ చెప్పింది. అయ్యా, నా దగ్గర పాత చొక్కాలు పదకొండు ఉన్నవి.

3. అసలు ఫిర్యాదు ఇదే. పాప పుట్టింది మొదలు దాని తల మీద నా కత్తెర తప్ప మరొకరిది పడి ఎరుగదు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, దాని మీద కూర్చోబెట్టి నేనే కత్తిరించేవాణ్ణి. మెడ మీద కత్తెర చల్లగా తగిలితే మెలికలు తిరిగిపోయేది. "ఇంకో షాపులో చేయించుకున్నావో, చెవి కోసి చేతిలో పెడతా" అని నేను, "నీ షాపుకే వస్తాలే నాన్నా, ఏడవకు" అని అది. ప్రతిసారీ మా ఇద్దరికీ ఇదే మాట. నా హక్కుకు కాగితం ఏమీ లేదు. వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు.

8వ తేదీన నా భార్య ఫోను చేసి, జుట్టు దిండు నిండా రాలిపోతోంది, తీసేయించక తప్పదు అన్నది. "నేనొచ్చేదాకా ఆగు, ఎలాగో ఒకలా వస్తాను" అన్నాను. 9వ తేదీ పొద్దున్నే నా పెట్టె సర్దుకున్నాను. కత్తి పెట్టలేదు, ఈ పిల్లలకు గాటు పడితే రక్తం ఆగదని నాకు తెలుసు. మిషను, దువ్వెన, ఉతికిన తువ్వాలు మాత్రమే. మిషనును స్పిరిటుతో మూడుసార్లు తుడిచాను. నేను వార్డు అద్దం తలుపు దగ్గరకు చేరుసరికి సదరు ట్రాలీ మామ మా పాప తల మీద మిషను నడుపుచుండెను. పాప నాకు వీపు పెట్టి కూర్చున్నది. నా భార్య తువ్వాలు పట్టుకున్నది. ముగ్గురూ ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. నేను నిలబడవలసిన చోట వాడు నిలబడ్డాడు. అప్పుడు నాకు కలిగినదాన్ని ఆఫీసు భాషలో ఏమంటారో తెలియదు, మామూలు మాటల్లో కుళ్లు అంటారు. అవును, నాకు కుళ్లుగానే ఉంది.

పోనీ పనైనా తెలుసా అంటే అదీ లేదు. మిషనును గరిటె పట్టినట్టు పట్టాడు. కుదురుగా వెనక నుంచి ముందుకు రావాల్సింది పోయి అడ్డదిడ్డంగా తిప్పాడు. కుడి చెవి వెనక వేలెడు కుచ్చు అలాగే వదిలేశాడు. అంత దూరం నుంచి, అద్దంలోంచి నాకు కనబడింది. దగ్గరున్న మనిషికి కనబడలేదా? మా వృత్తిలో ఇలాంటి పని చేసినవాణ్ణి మళ్లీ కుర్చీ దాపుకు రానివ్వరు.

4. అదే సమయమున సెక్యూరిటీ వారు నా రెక్క పట్టుకుని బయటికి నడిపించి, "మారువేషంలో అక్రమ ప్రవేశం" అని పుస్తకంలో వ్రాసుకున్నారు. ఇది శుద్ధ అబద్ధం. గేటు దగ్గర "క్షౌరం పని మీద వచ్చాను" అన్నాను. అందులో అబద్ధమేమున్నది? అదే చొక్కా, అదే పెట్టె. ఇరవై రెండేళ్లుగా నా వేషం ఇదే. ఆ మాట కొట్టివేయించగలరు.

5. నా భార్య. ఆసుపత్రి ఉద్యోగి కాకపోయినను ఆమె మీద కూడా ఫిర్యాదు చేయక తప్పుట లేదు. "ఆగమన్నాను కదా" అని గేటు దగ్గర నిలదీస్తే, "అది ఊడిన వెంట్రుకలు గుప్పిట్లో పట్టుకుని ఏడుస్తుంటే, మీ నాన్న వచ్చేదాకా ఏడుస్తూనే ఉండమ్మా అని చెప్పనా?" అన్నది. ఆ మాట న్యాయమే కావడంతో ఇంకా ఒళ్లు మండింది. నాటి నుండి ఆమెతో మాట్లాడుట లేదు. సాయంత్రం నాలుగు గంటలకు క్యారియరు గేటు పక్క గోడ మీద పెట్టి, ఆమె దిగివచ్చులోగా వెనుదిరుగుచున్నాను. మొన్న "ఏమండీ, ఆగండి, ఒక్క మాట చెప్పాలి" అని వెనకనుంచి పిలిచింది. నేను ఆగలేదు. ఆమెకు మందుల పేర్లన్నీ నోటికి వచ్చు. ఏ సూదికి పాప ఏ చెయ్యి చాపుతుందో ఆమెకు తెలుసు. పిల్ల నాకూ కూతురే కదా! నాకు తెలిసింది ఫ్యాను ఒక్కటే.

6. ఇది తమ శాఖకు సంబంధించినది కాదు, అయినను వ్రాయుచున్నాను. నేను పిల్లల కటింగులు మానేశాను. మొన్న ఒకావిడ ఒత్తు జుట్టున్న పిల్లను తీసుకువచ్చింది. ఆ పిల్ల కటింగ్ వద్దని కాళ్లు తన్నుకుని ఏడుస్తోంది. ఆరేళ్లుంటాయేమో. ఆ పసిదాని మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, చెక్క విరిగిపోయిందమ్మా అని అబద్ధమాడి పంపేశాను. చెక్క విరగలేదు. మూలన గోడకు ఆనించి ఉన్నది.

కావున తమరు దయయుంచి, (అ) అద్దాల గది రిజిస్టరులో నా భార్య పేరు కొట్టివేయించి నా పేరు వ్రాయించవలెను, షాపు మూసుకుని వచ్చుటకు సిద్ధముగా ఉన్నాను. (ఆ) సదరు ట్రాలీ ఉద్యోగిని ఎముకల వార్డుకో, మరెక్కడికో, పిల్లలు నవ్వని చోటికి మార్చవలెను. (ఇ) ఇవేవీ కుదరనిచో 18వ తేదీలోగా ఒక్కసారైనా నన్ను పాప దగ్గరకు పంపవలెను.

చదివి ఫైలులో పడవేయక, తమరు కూడా ఒక బిడ్డ తండ్రి అయివుందురని తలచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పన్నెండో పడక పాప తండ్రి
14వ తేదీ

తా.క. (15వ తేదీ)

అయ్యా, ఈ అర్జీ కవరులో పెట్టి అంటించబోతుండగా ట్రాలీ మామ మా షాపుకు వచ్చాడు. పగలు పదకొండు గంటలు. కుర్చీలో మరెవరూ లేరు. "గడ్డం చేయాలన్నా" అని కూర్చున్నాడు. నురుగు పూసి కత్తి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు అద్దంలో నన్ను చూస్తూ అన్నాడు.

"అన్నా, మీ పాప చెవి వెనక కుచ్చు చూశారంట కదా. సెక్యూరిటీవాళ్లు చెప్పారు, అద్దం బయట నిలబడి దాని గురించే అరిచారని."

"గుడ్డివాడైనా చూస్తాడు" అన్నాను.

"నేను మర్చిపోలేదన్నా. అక్కడికి రాగానే పాప చెయ్యి అడ్డం పెట్టేసింది. ఇది నాన్నకి, ఇది తియ్యొద్దు మామా అంది. వదినా నేనూ ఎంత చెప్పినా చెయ్యి తియ్యలేదు. అందుకే నవ్వుకున్నాం. అది చెబుదామనే వదిన గేటు దగ్గర పిలిస్తే మీరు ఆగలేదట."

నా చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

"జుట్టు ఊడడం మొదలైన దగ్గర్నుంచీ మీకు తల చూపించడం లేదన్నా. ఫోను పైకి తిప్పేది అందుకే. నాన్న చూస్తే బాధపడతాడు అనేది. ఇప్పుడేమో ఇంకో షాపులో చేయించుకున్నానని నాన్న చెవి కోస్తాడు అంటోంది. నవ్వుతూనే అంటుంది, కానీ భయం కూడా ఉంది. కుచ్చు ఉంది కదా, సగం నాన్నే చేసినట్టు లెక్క అంటోంది. పడుకునేటప్పుడు అది ఊడకుండా చెవి కింద చెయ్యి పెట్టుకుంటుంది. అద్దాల గదికి వెళ్లేలోపు అదీ తీసెయ్యాలని సిస్టరు పోరుతోంది. నేను మాత్రం తియ్యనని చెప్పేశాను. అది నా పని కాదు సిస్టర్ అన్నాను."

అయ్యా, ఇరవై రెండేళ్లలో మొదటిసారి నా కత్తికి ఒకరి గడ్డం కింద గాటు పడింది. పటిక రాసి, మిగతా గడ్డం నున్నగా చేసి పంపాను. పాపకు మామ అంటే నాకు బావమరిది వరస అవుతాడని ఇప్పుడే లెక్క తేలింది. సాయంత్రం క్యారియరు గోడ మీద పెట్టలేదు. నా భార్య వచ్చేదాకా నిలబడి చేతికిచ్చాను. తరువాత ఆమె, ఏ సూదికి ఏ చెయ్యో చెప్పింది.

కావున 2, 3, 5 నంబరు ఫిర్యాదులు ఉపసంహరించుకొనుచున్నాను. అద్దాల గదికి నా భార్య పేరే ఉండనివ్వండి. ట్రాలీ మామను ఎక్కడికీ మార్చవద్దు. కుళ్లు మాత్రం పూర్తిగా పోలేదు, అది నేను చూసుకుంటాను.

(ఇ) ఒక్కటే మిగిలినది. తమ మిషనుతోనే చేస్తాను. మాస్కు, గౌను, గ్లవుజులు, తమరు ఏది వేసుకోమంటే అది వేసుకుంటాను. ఆ కుచ్చు రాలిపోయేలోగా పంపించండి. వేలెడు కుచ్చు తీయడం నాకు అర నిమిషం పని. ఆ సంగతి పాపకు తెలియదు. తమరు దయచేసి అరగంట ఇప్పించండి.

బొంగరం వాళ్ల నాన్న